బోడి నేల నీరు పొదకు చేరాలంటే: ఎర్ర గరుసు వాలు మీద వాన దారి చదివి, తెగిన చోట కట్టడం ఎలా

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల గుట్టల వాలు మీద ఎండాకాలం నిలబడి చూస్తే నేల మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఇక్కడో రేగు పొద, నాలుగు బారల అవతల బోద గడ్డి దుబ్బులు, మధ్యలో గులకరాళ్లు తేలిన ఎర్రటి బోడి నేల. ఆ బోడి జాగా వృథాగా పడి ఉందనుకుని చాలామంది అందులో వరసగా గుంతలు తీసి మొక్కలు పెడతారు. రెండేళ్లకు ఆ మొక్కలూ ఉండవు, కిందనున్న రేగు పొదా ఎండుతుంది. చెరువుకు పరీవాహకం ఎలాగో, పొదకు దాని పైనున్న బోడి నేల అలాగ. పరీవాహకంలో గుంతలు తవ్వితే చెరువు నిండదు.

అందుకని ఇక్కడ చెప్పే పని వాలంతా పచ్చగా చేయడం కాదు. బోడి నేల మీద పారే నీరు ఏ పొదలకు చేరుతోంది, ఎక్కడ వాటిని తప్పించుకుని వంకలో పడుతోంది అన్నది కనిపెట్టి, తప్పించుకునే చోట మాత్రమే అడ్డం కట్టడం. 1 నుంచి 8 శాతం దాకా వాలున్న ఎర్ర నేలలకు, గరుసు నేలలకు, తెలంగాణలో చలకలనే వాటికి ఇది సరిపోతుంది. నల్లరేగడికి పనికిరాదు. అది ఎండాకాలం బీటలు వారుతుంది, మొదటి వానలు ఆ బీటల్లోకే పోతాయి, కట్టిన గట్టు కూడా బీట దగ్గరే తెగుతుంది.

ముందు లెక్క తెలుసుకోండి

10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న చదరం తీసుకోండి. 20 మి.మీ. వాన పడితే దాని మీద పడిన నీరు 2,000 లీటర్లు. అది అంతటా సమానంగా ఇంకితే పై జానెడు మట్టి మాత్రం తడుస్తుంది. నాలుగైదు రోజుల ఎండకు అందులో చాలావరకు ఆవిరైపోతుంది, లోతు వేళ్లకు అందేది దాదాపు ఏమీ ఉండదు.

అదే చదరంలో 80 చదరపు మీటర్లు బోడి, 20 చదరపు మీటర్లు గుబురు అనుకోండి. బోడి నేల మీద పడిన 1,600 లీటర్లలో సగం పారివచ్చి గుబురులో ఆగితే, 20 చదరపు మీటర్లకు 800 లీటర్లు అదనంగా వచ్చినట్టు. అంటే 40 మి.మీ. తన మీద నేరుగా పడిన 20 కలిపితే గుబురుకు 60 మి.మీ. వాన కురిసింది. ఆ నీరు రెండు మూడు జానల లోతుకు దిగుతుంది, అక్కడ ఎండ దాన్ని తీసుకోలేదు. ఏడాదికి సుమారు 550 మి.మీ. కురిసే అనంతపురంలో పొదలు, గడ్డి దుబ్బులు బతుకుతున్నది ఇలా పక్క నేల వాటా కూడా తమకు చేరబట్టే.

బోడి నేల నీటిని ఎందుకు తాగదు? చినుకు నేరుగా మట్టి మీద పడినప్పుడు బెడ్డ చిదిగి సన్నని ఒండు విడివడుతుంది. ఆ ఒండు మట్టి రంధ్రాల్లో కూరుకుని, ఆరాక పలచని పెచ్చుగా గట్టిపడుతుంది. ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి ఈ పెచ్చు తొందరగా కడుతుంది. గుబురు కింద ఇదంతా తిరగబడుతుంది. ఆకు చినుకు దెబ్బను కాస్తుంది. రాలిన ఆకు కోసం చెదలు, చీమలు వచ్చి బొరియలు చేస్తాయి. చచ్చిన వేళ్లు వదిలిన సన్న గొట్టాల్లోంచి నీరు నేరుగా కిందికి దిగుతుంది. నీరు దిగితే ఆకు పెరుగుతుంది, ఆకు రాలితే మళ్లీ నీరు దిగుతుంది. ఈ చక్రం తెగనంత కాలం పొద తన చోటు తానే బాగుచేసుకుంటుంది.

ఈ ఏర్పాటు మన సీమకే ప్రత్యేకం కాదు. ఆఫ్రికాలో నైజర్ రాజధాని నియామే చుట్టుపక్కల, దాదాపు చదునుగా కనిపించే నేలల మీద పొదలు పులి చారల్లా పెరుగుతాయి, ఒక పచ్చ చార, ఒక బోడి చార. నేల మీద నడిచేవాళ్లకు ఆ చారలు అంతగా తెలియవు, పైనుంచి తీసిన ఫొటోల్లో స్పష్టంగా కనబడతాయి. ఆఫ్రికా తూర్పు కొసనున్న సోమాలీలాండ్ మైదానాల్లో ఇలాంటి ఆకారాల గురించి భూగర్భ శాస్త్రవేత్త మెక్‌ఫాడియన్ 1950లో రాశారు. వాలు మీద పారే నీరు, దాన్ని తాగే మొక్క, ఈ రెండింటి లెక్కతోనే ఆ చారలు ఏర్పడగలవని పర్యావరణ శాస్త్రవేత్త క్లాస్‌మైయర్ 1999లో గణితంతో చూపారు. మన గుట్టల మీద రాళ్లు, గొర్రెల బాటలు, నరికివేతల వల్ల చారలు అంత చక్కగా కుదరవు, మచ్చలుగా మిగులుతాయి. లోపల జరిగే పని ఒకటే.

మొదటి పని: వానలో నిలబడి చూడండి

ఆరుద్ర కార్తెలోనో, ఉత్తర, హస్త కార్తెల్లోనో గట్టి వాన ఒకటి పడుతుండగా వాలు మీద ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం వెళ్లొద్దు, వాన ఆగాక వెళ్లండి. వెంట రెండు శేర్ల వరి ఊక తీసుకెళ్లండి.

వాన మొదలైన పది పదిహేను నిమిషాల్లో బోడి నేల మీద తళతళ మెరిసే పలచని పొర కనబడుతుంది. అది పారుదలకు మొదలు. ఆ పొర మీద గుప్పెడు ఊక చల్లి దాని వెంట నడవండి. ఊక ఒక దుబ్బు దగ్గర ఆగి పేరుకుంటే అక్కడ నీరు నిలుస్తోందని అర్థం. దుబ్బుల పక్కనుంచి జారి, వేలెడు వెడల్పు చాలులో దూరి, వేగం పుంజుకుని పోతే అదే మీరు వెతికే చోటు. అక్కడొక గూటం కొట్టి గుర్తు పెట్టండి. ఒక్కో వాలుకు ఇలాంటి చోట్లు పదో పన్నెండో దొరుకుతాయి.

వానలో వెళ్లడం కుదరకపోతే వాన వెలిసిన మర్నాడు నేలే చెబుతుంది. మేక పెంటికలు, ఎండు ఆకులు, గడ్డి పరకలు నీటి మీద తేలి వచ్చి, ఆగిన చోట నెలవంకలా వరస కడతాయి. ఆ వరస పొదకు పైవైపు ఉంటే నీరు పొదకు చేరింది. వరస ఎక్కడా లేక, గులకరాళ్లు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే నీరు ఆగకుండా పోయింది.

ఆ రోజే 8 మి.మీ. ఇనుప చువ్వ ఒకటి తీసుకుని, పొద కింద, దానికి రెండు మీటర్ల పైన బోడి నేలలో, చేతి బలంతో గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేర చువ్వ దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. రాయి తగిలి ఆగిందేమో తేల్చుకోవడానికి ఒక్కో చోట నాలుగు సార్లు గుచ్చి, వాటిలో లోతైనది రాసుకోండి. ఎర్ర ఇసుక నేలలో 10 మి.మీ. నీరు ఇంకితే ఉజ్జాయింపున బెత్తెడు కన్నా కొంచెం ఎక్కువ లోతు తడుస్తుంది. బోడి నేలలో బెత్తెడు, పొద కింద జానెడున్నర ఉంటే ఆ పొద పరీవాహకం బాగా పనిచేస్తోంది. రెండు చోట్లా ఒకేలా ఉంటే నీరు పొదను తప్పించుకుంటోంది.

రెండో పని: తాడు లాగి రాసుకోవడం

పొడి రోజున, వాలు ఎటు దిగుతుందో అటే 50 మీటర్ల టేపు గానీ ముడులు వేసిన తాడు గానీ లాగండి. అడ్డంగా కాదు, నీరు నడిచే దిక్కునే. పై కొస నుంచి నడుస్తూ తాడు కింద ఏముందో రాయండి: 0 నుంచి 6.2 మీటర్లు బోడి, 6.2 నుంచి 7.5 రేగు పొద, 7.5 నుంచి 16 బోడి, 16 నుంచి 16.4 బోద దుబ్బు, ఇలా. పచ్చగా కనబడేదంతా గుబురు కింద రాయొద్దు. వానకు మొలిచి రెండు నెలల్లో మాయమయ్యే ఒంటికాడ గడ్డి నీటిని ఆపదు. ఎండాకాలంలోనూ మొదలు నిలిచి ఉండే దుబ్బు, పొద, పడిపోయిన మాను, రాళ్ల వరస, వీటినే గుబురుగా లెక్కపెట్టండి.

ఒక్కో వాలుకు కనీసం మూడు తాళ్లు, ఒకదానికొకటి 15, 20 మీటర్ల దూరంలో. చివర రెండు అంకెలు తీయండి. ఒకటి, తాడు పొడవులో గుబురుల మొత్తం ఎంత వంతు. రెండు, గుబురుకూ గుబురుకూ మధ్య ఖాళీ సగటున ఎన్ని మీటర్లు. రెండో అంకె మొదటిదాని కన్నా విలువైనది. 50 మీటర్లలో గుబురు మొత్తం 10 మీటర్లే అయినా, అది ఎనిమిది ముక్కలుగా పంచుకుని ఉంటే నీటికి ఎనిమిది సార్లు అడ్డం తగులుతుంది. అదే 10 మీటర్లు ఒకే చోట ఉంటే మిగతా 40 మీటర్లలో నీరు పరుగు అందుకుని, దుబ్బులు ఆపలేనంత బలంతో వచ్చి పడుతుంది.

ఈ విధంగా నేలను చదవడాన్ని ఒక పద్ధతిగా కూర్చినవారు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డేవిడ్ టాంగ్వే, జాన్ లడ్విగ్. కొమ్మలను కాంటూరు మీద, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే గీత మీద, కుప్పగా పరిచి పోయిన గుబురులను మూడేళ్లలో తిరిగి తెప్పించవచ్చని అక్కడి పొడి నేలల్లో చేసి చూపించి 1996లో ప్రచురించారు. కింద చెప్పే కంప వరసకు మూలం అదే.

మూడో పని: మట్టిని రెండు పరీక్షలు అడగండి

ఇంకుడు పరీక్షకు 15 సెం.మీ. అడ్డకొలత ఉన్న పీవీసీ పైపు ముక్క చాలు, జానెడు పొడవు. కింది అంచు ఆకురాయితో సాన పట్టి, పైన చెక్క పెట్టి సమానంగా కొడుతూ 5 సెం.మీ. నేలలోకి దించండి. పెచ్చు పగలకుండా దిగాలి. పగిలితే ఆ పగులులోంచే నీరు పోయి అబద్ధపు అంకె వస్తుంది, చోటు మార్చండి. లోపల ఒక ఆకు వేసి, దాని మీద 350 మి.లీ. నీరు మెల్లగా పోయండి. అది పైపులో 2 సెం.మీ. నీటికి సమానం. మొదటి పోత నేల తడవడానికి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అది ఇంకాక మళ్లీ 350 మి.లీ. పోసి, ఎన్ని నిమిషాల్లో ఇంకిందో చూడండి. పొద కింద మూడు చోట్ల, బోడి నేలలో మూడు చోట్ల చేయండి.

ఇక్కడ నిమిషాల కన్నా రెండింటి మధ్య తేడా ముఖ్యం. పొద కింద 4 నిమిషాలు, బోడి నేలలో 20 నిమిషాలు పడితే ఆ పొద ఆరోగ్యంగా ఉంది, నీరు చేర్చడమే మిగిలింది. పొద కింద 15 నిమిషాలు పడితే గొర్రెలు పడుకుని తొక్కాయో, ఆకంతా ఊడ్చుకుపోయారో చూడండి. అలాంటి పొదకు నీరు మళ్లించినా ఇంకదు, పక్కనుంచి పోతుంది. ముందు దాని కింద రెండు అంగుళాల మందం ఆకు, గడ్డి పరిచి, తొక్కుడు ఆపాలి.

రెండోది బెడ్డ పరీక్ష. నేల పైపొర నుంచి పెద్ద శనగ గింజంత బెడ్డను, పొడిగా ఉన్నదాన్నే, విరగకుండా తీసి గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదలండి. బోరు నీటిలోని లవణాలు ఫలితాన్ని మారుస్తాయి కాబట్టి అది వద్దు. 5 సెకన్లలోపు పూర్తిగా చిదిగి పిండైపోతే ఆ మట్టి చినుక్కు ఏమాత్రం ఆగదు, కదిలించవద్దు. 5 నుంచి 10 సెకన్లలో కూలితే బలహీనం. పెచ్చు ముక్క అలాగే నిలిచి అడుగుమాత్రం రాలితే ఫరవాలేదు. బెడ్డ మొత్తం నిలిస్తే మంచి నేల. మొదటి రకం నేలలో గుంతలు, కందకాలు తవ్వినకొద్దీ ఒండు లేచి అవే పూడిపోతాయి. అక్కడ తవ్వకం లేని కంప వరస, రాతి వరస మాత్రమే పెట్టాలి.

దగ్గరగా ఒక పొద

పని మొదలుపెట్టేముందు బాగున్న రేగు పొద ఒకదాని దగ్గర కూర్చుని చూడండి, ఎందుకంటే మీరు తయారు చేయాల్సింది దాని నకలునే. పైవైపు అంచులో ఆకు చెత్త, పెంటికలు కలిసి రెండు వేళ్ల ఎత్తు కట్ట కట్టి ఉంటాయి. ఆ కట్ట వెనక సన్నని ఒండు చదునుగా, చిన్న మడిలా పరుచుకుని ఉంటుంది. వేలు పెడితే కణుపు దాకా దిగుతుంది. పొద మొదలు దగ్గర నేల చుట్టూ కన్నా మూడు నాలుగు వేళ్లు ఎత్తు. చెత్తను పక్కకు జరిపితే చెదపుట్ట మన్ను తొడిగిన పుల్లలు, చీమల కన్నాలు. రెండు మీటర్లు పైకి వెళ్లి బోడి నేలను గోటితో లేపితే పెచ్చు అప్పడంలా లేస్తుంది, దాని అడుగు మిగతా మట్టి కన్నా నునుపుగా ఉంటుంది.

చెడుతున్న గుబురు గుర్తులు వేరు. దుబ్బు మట్టి దిమ్మ మీద నిలబడి, చుట్టూ నేల దిగిపోయి, వేళ్లు బయట పడితే అక్కడ మట్టి పోతోంది. ఇది పైన చెప్పిన ఎత్తు కాదు. పొద దగ్గర మట్టి చేరి ఎత్తు పెరిగితే అంచులు వాలుగా, మెత్తగా ఉంటాయి. కోసుకుపోతే అంచు కత్తితో తరిగినట్టు నిలువుగా ఉంటుంది. ఈ రెండింటినీ కలగలపడం వల్ల బాగున్న పొదల చుట్టూ రాళ్లు పేర్చి అసలు పోయే చోటు వదిలేసే పని చాలాసార్లు జరుగుతుంది.

నాలుగో పని: మట్టం గీయడం

గూటాలు కొట్టిన చోట్లన్నిటికీ పైనుంచి కిందికి అంకెలు వేయండి. పని ఎప్పుడూ అన్నిటికన్నా పైచోటు నుంచే మొదలవ్వాలి. కింద కట్టి పైన వదిలేస్తే, పైనుంచి వేగంగా వచ్చే నీరు ఒక్క వానలో కింది పనిని కొట్టేస్తుంది.

మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు 12 మీటర్లు తీసుకోండి. దాని రెండు కొసలను సెంటీమీటర్లు గీసిన రెండు కర్రలకు కట్టి, నీరు నింపండి. ట్యూబులో ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది, నింపాక ట్యూబు పొడవునా వేలితో తట్టి బుడగలు బయటికి పంపండి. వాలు కొలవడానికి రెండు కర్రలను వాలు దిక్కున 10 మీటర్ల దూరంలో నిలిపితే, నీటి మట్టాల తేడా 30 సెం.మీ. వచ్చిందంటే వాలు 3 శాతం. కాంటూరు గీయడానికి ఒక కర్రను గూటం దగ్గర నిలిపి, రెండోదాన్ని అటూ ఇటూ జరుపుతూ రెండింట్లో ఒకే అంకె వచ్చిన చోట సున్నం ముగ్గు వేయండి. 3 మీటర్లకొక చుక్క. గీత వంకరగా వస్తుంది, వచ్చినట్టే ఉంచండి. చూపుకు బాగుంటుందని సరిచేసి తిన్నగా చేస్తే పల్లపు కొసలో నీరు పోగై అక్కడే తెంచుకుంటుంది. కట్టినవి తెగడానికి ఇంతకు మించిన కారణం లేదు.

ఐదో పని: కంప వరస

మన దగ్గర దీనికి సరుకు కొదవ లేదు. సర్కారు తుమ్మ కంప చాలు. కానీ కాయలు ఉన్న కొమ్మ వద్దు. పశువులు కాయ తిని పేడలో గింజ వేస్తే రెండేళ్లలో ఆ వాలు సర్కారు తుమ్మ పాలవుతుంది. కాయ లేని రోజుల్లో కొట్టండి, లేదా కాయలు దులిపి తగలబెట్టండి. బందారు, తంగేడు లాంటి స్థానిక పొదలను దీనికోసం నరకొద్దు, మీరు కాపాడాలనుకుంటున్నవి అవే.

నీరు దూరిపోయే ఖాళీ ఎంత వెడల్పుందో కొలిచి, ఇరువైపులా మరో మీటరు కలిపి వరస పొడవు నిర్ణయించుకోండి. ముగ్గు గీత వెంట చలికెతో జానెడు వెడల్పున, రెండు వేళ్ల లోతున పెచ్చు గీకి వదులు చేయండి, అంతకన్నా లోతు తవ్వొద్దు. దాని మీద మొదట సన్న రెమ్మలు పరవండి, గీత పొడవునా, వాలుకు అడ్డంగా. కాలితో తొక్కి నేలకు ఆనేట్టు చేయండి. పైన లావు కొమ్మలు బరువుగా వేయండి. తొక్కాక వరస వెడల్పు 75 సెం.మీ. నుంచి మీటరు, ఎత్తు మోకాటికి కొంచెం తక్కువ. మీటరుకొక గూటం రెండు వైపులా ఏటవాలుగా కొట్టి, కొబ్బరి తాడుతో అడ్డం బిగించండి. రెండు కొసలూ కొంచెం వాలు పైవైపుకు వంచితే నీరు కొస చుట్టూ తిరగదు.

కంప నేలకు ఆనకపోతే మొత్తం పని వృథా. వరస పక్కన పడుకుని కింద నుంచి చూడండి. వెలుతురు కనబడితే ఆ సందులోంచి నీరు పోతుంది, పైగా సందు కాబట్టి వేగంగా పోయి చాలు కోస్తుంది. అక్కడ గడ్డి కుక్కండి. అలాగని మట్టితో పూర్తిగా మూసేయడమూ తప్పే. కంప వరస వేగం తగ్గించాలి, ఆకునూ ఒండునూ పట్టుకోవాలి, నీటిని నెమ్మదిగా వదలాలి. గట్టులా నీరు నిలిపితే మధ్యలో పగిలి కింద గండి పడుతుంది.

మొదటి రెండు గట్టి వానలకే పైవైపు వేలెడు ఒండు చేరుతుంది. కంప కింద చెదలు పడతాయి. దయచేసి మందు కొట్టొద్దు. పెచ్చును తొలిచి నీటికి దారి చేసేది అవే. మూడు నాలుగేళ్లలో అవి కంపను తినేస్తాయి, ఆలోపు దాని చోటులో దుబ్బులు నిలబడితే కంప పని అయిపోయినట్టే.

రాతి వరస, అర్ధచంద్రం ఎక్కడ

నీరు ఇప్పటికే చాలుగా కోసిన చోట, వాలు 5 శాతం దాటిన చోట కంప ఒక్కటే ఆగదు, రాళ్లు కావాలి. కాంటూరు మీద 5 నుంచి 10 సెం.మీ. లోతు, 35 నుంచి 40 సెం.మీ. వెడల్పు పునాది తీసి, పెద్ద రాళ్లను కిందివైపు, చిన్నవాటిని పైవైపు పేర్చి 25 సెం.మీ. ఎత్తు తేండి. పైవైపు సందుల్లో గులకరాళ్లు నింపాలి. లేకపోతే ఒండు జారిపోతుంది. వాలంతటా వరసలు వేయాల్సి వస్తే, 1 శాతం లోపు వాలులో 20 మీటర్లకొకటి, 1 నుంచి 2 శాతంలో 15 మీటర్లకొకటి, అంతకు మించితే ఇంకా దగ్గరగా వేయండి. రాళ్లను మాత్రం బోడి నేల మీద పరుచుకుని ఉన్న గులక నుంచి ఏరొద్దు. ఆ గులకే చినుకు దెబ్బ నుంచి అక్కడి మట్టిని కాస్తోంది. వంక నుంచో పొలం గట్టు కుప్పల నుంచో తెచ్చుకోండి.

గుబురే మిగలని పెద్ద ఖాళీ, అంటే తాడులో 20 మీటర్లకు మించి వరసగా బోడిగా వచ్చిన చోట, అర్ధచంద్రాకారపు గుంతలు పెట్టండి. నైజర్‌లో విరివిగా వాడే కొలత మనకూ సరిపోతుంది. 4 మీటర్ల అడ్డకొలత, 15 నుంచి 20 సెం.మీ. లోతు, తవ్విన మట్టి కిందివైపు చంద్రవంకలా 25 నుంచి 30 సెం.మీ. ఎత్తు కట్ట. రెండు కొమ్ములూ ఒకే కాంటూరు మీద ఉండాలి, మించిన నీరు కొమ్ముల పక్కనుంచి పోవాలి. పక్క గుంతకు 4 మీటర్ల ఎడం, వరసకూ వరసకూ 4 మీటర్లు, కింది వరస పైవాటి సందులకు ఎదురుగా. వాలంతా ఇలా తవ్వితే హెక్టారుకు 313 పడతాయి. మనకు అంతటా అక్కర్లేదు, ఖాళీ మేరకే.

ఎందుకు 4 మీటర్లు అంటే, ఒక్కో గుంతకు 32 చదరపు మీటర్ల నేల వస్తుంది, గుంత 6.3 చదరపు మీటర్లు, మిగిలిన 25.7 పరీవాహకం. దాదాపు నాలుగు వంతుల బోడికి ఒక వంతు గుబురు. దీన్ని మీ చోటుకు సరిచూసుకోవచ్చు. మొక్కకు ఏడాదికి కావాల్సిన నీటిలోంచి కొంచెం తక్కువ పడిన ఏడాది వానను తీసేయండి. వచ్చినదాన్ని, ఆ వాన, పారే వంతు, అందులో మొక్కకు దక్కే వంతు, ఈ మూడింటి హెచ్చింపుతో భాగించండి. ఉదాహరణకు అవసరం 700 మి.మీ., వాన 450, పారేది 0.25 వంతు, దక్కేది 0.6 వంతు అనుకుంటే, 250ని 67.5తో భాగించాలి, 3.7 వస్తుంది. వాన ఎక్కువ పడే చోట ఈ అంకె తగ్గుతుంది. ఆ నిష్పత్తిని మించి గుంతలు దట్టంగా వేయడమే మొక్కలు చావడానికి పెద్ద కారణం. అన్నిటికీ కాస్త కాస్త నీరు వచ్చి, దేనికీ చాలదు.

పొదల వరసకు వెంటనే పైన తెగకుండా సాగే పొడవాటి కందకం తవ్వడం మరో పొరపాటు. పైనుంచి వచ్చే నీరంతా కందకంలో పడిపోతుంది, కింది పొదలకు వాటా తెగిపోతుంది. కందకం తప్పదనుకుంటే 3, 4 మీటర్ల ముక్కలుగా, మధ్య ఎడాలు వదిలి, ఉన్న గుబురుకు ఆ ఎడం ఎదురుగా వచ్చేట్టు తీయండి. జేసీబీ చక్రాలు వాలు దిక్కున పడితే రెండు కొత్త చాళ్లు తయారవుతాయి, కాంటూరు వెంటే నడిపించాలి.

విత్తనం

మొదటి ఏడాది కంప వరస పైవైపు చేరిన ఒండులోనే గింజ వేయండి, బోడి నేల మధ్యలో కాదు. బోద గడ్డి, అంజన్ గడ్డి దుబ్బు కట్టి నీటిని ఆపుతాయి. స్టైలో అనే పప్పుజాతి పచ్చిక నేలకు నత్రజని ఇస్తుంది. స్టైలో గింజకు పైతొక్క గట్టి, 80 డిగ్రీల వేడి నీటిలో 4 నిమిషాలు ఉంచి, చల్లార్చి, నీడన ఆరబెట్టి వాడండి. అంజన్ గడ్డి గింజ ఆ ఏడాదిది కాకుండా ముందటేడాదిది అయితే బాగా మొలుస్తుంది. రెండింటినీ సెంటీమీటరు కన్నా లోతు పోనివ్వొద్దు. వరసలో మీటరుకు చిటికెడు సరిపోతుంది. గాలికి ఎగరకుండా తడి ఎర్రమన్నుతో కలిపి ముద్దలుగా వేస్తే చీమలు కూడా తక్కువ ఎత్తుకెళ్తాయి. మృగశిరలో వచ్చే మొదటి జల్లుకు తొందరపడొద్దు. మొలిచాక రెండు వారాలు వాన తప్పితే అంతా పోతుంది. సీమలో సెప్టెంబరు, అక్టోబరు వానలే పెద్దవి కాబట్టి సగం గింజను ఉత్తర కార్తెకు దాచుకోండి. రేగు, బందారు, బలుసు విత్తనాలు పిట్టలు, గాలి తెచ్చి వేస్తాయి. కంపలో చిక్కిన చోట అవి తమంతట మొలుస్తాయి.

గొర్రెలు, నిప్పు

ఉమ్మడి బీడైతే పని మొదలుపెట్టేముందే గొర్రెల కాపర్లతో కూర్చుని మాట్లాడండి. పంచాయతీ తీర్మానం తీసుకోండి. అటవీ భూమైతే అటవీ శాఖ అనుమతి లేకుండా చేయి పెట్టకూడదు. రెండు వానాకాలాలు, జూన్ నుంచి నవంబరు దాకా మేపు ఆపాలి. గింజ రాలాక కోసుకెళ్లడానికి గడ్డి వదిలితే కాపర్లకూ నష్టం ఉండదు. వాలు మొత్తం మూయడం కష్టమైతే పై మూడో వంతు ముందు మూయండి. మంద రోజూ నడిచే బాట వాలు దిక్కున ఉంటే దాన్ని అడ్డంగా మళ్లించాలి. డెక్కలు తొక్కిన బాటే మొదటి చాలు అవుతుంది.

బోద గడ్డి ఎండితే నిప్పు భయం. సంక్రాంతి దాటగానే చుట్టూ 3 నుంచి 5 మీటర్ల వెడల్పు గడ్డి కోసేసి అడ్డుగీత తీయండి. వాలు దిక్కున సాగే గీతలో నేల గీకొద్దు, గడ్డి మాత్రమే కోయండి. గీకిన గీత వచ్చే వానకు వాగవుతుంది. ఒక్కసారి కాలినా ఆకు చెత్త, కంప పోయి నేల మళ్లీ పెచ్చు కడుతుంది, రెండు మూడేళ్ల పని వెనక్కి పోతుంది.

ఏటా చూడాల్సింది

ఏటా ఏప్రిల్, మే నెలల్లో, మొదట లాగిన చోట్లలోనే తాళ్లు మళ్లీ లాగి రాసుకోండి, అక్కడే నిలబడి ఫొటో తీయండి. గుబురు శాతం మొదటి రెండేళ్లు పెద్దగా పెరగదు, దిగులు పడొద్దు. ముందు తగ్గాల్సింది సగటు ఖాళీ. 9 మీటర్లున్నది 7కు వచ్చిందంటే నీరు ఆగుతోంది. ప్రతి గట్టి వాన తర్వాత వరసల వెంట నడిచి, కొస దగ్గర చాలు మొదలైందా, మధ్యలో కంప లేచిందా చూడండి. అప్పుడు గంపెడు గడ్డితో, నాలుగు రాళ్లతో సరిపోయే పని, నెల ఆగితే రోజు కూలీ అవుతుంది.

గుబురు పైఅంచు చిగురిస్తూ కింది అంచు ఎండుతుంటే అది జబ్బు కాదు. నీరు ముందు పైఅంచుకే అందుతుంది కాబట్టి గుబురు మెల్లగా పైకి జరుగుతుంది. ఎండిన దుబ్బులను పీకకుండా అక్కడే ఉంచండి, వాటి మొదళ్లు ఇంకో రెండేళ్లు ఒండును పట్టుకుంటాయి. మొత్తం గుబురే పైనుంచి కిందికి వాడుతుంటే మాత్రం దాని పైనున్న మీ వరస నీటిని ఎక్కువ ఆపేస్తోంది. ఆ గుబురుకు ఎదురుగా వరసలో రెండు అడుగుల కంప తీసేసి, ఆ సందు నేల మీద చదును రాళ్లు పరిచి నీరు వదలండి. వచ్చే గట్టి వాన మర్నాడు చువ్వ తీసుకెళ్లి గుబురు కింద మళ్లీ గుచ్చి చూడండి.